ప్రశ్న–జవాబు: లైకు పలకరింపు అవుతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి. దూరంగా ఉన్నవారితో సంబంధాలు నిలుపుకోవడానికి ఫేస్‌బుక్, వాట్సాప్ వంటివి నిజంగా పనికివస్తాయా అన్నదే ఆ విషయం. ఉత్తరాలు రాసినవారి పేర్లు ప్రచురించకుండా మూడింటికీ ఇక్కడే సమాధానం ఇస్తున్నాము.

ప్రశ్న: నేను పశ్చిమ గోదావరి జిల్లాలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయినిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. నాకు 66 ఏళ్ళు. అబ్బాయి డాలస్‌లోనూ, అమ్మాయి బెంగళూరులోనూ ఉంటారు. మావారు పోయాక నాకు కాలక్షేపంగా ఉంటుందని పిల్లలు స్మార్ట్‌ఫోను కొనిచ్చి ఫేస్‌బుక్, వాట్సాప్ నేర్పించారు. మా బంధువుల గ్రూపులో 70 మందికి పైగా ఉన్నాము. ఏ పండుగకు ఎవరింట్లో ఏం వండుకున్నారో, ఎవరు ఏ గుడికి వెళ్ళివచ్చారో నాకు తెలుస్తూనే ఉంటుంది. అయినా రాత్రి ఫోను పక్కన పెట్టేటప్పుడు, పొద్దుటి నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదన్న సంగతి గుర్తుకు వస్తుంది. దీనికి తోడు ఒక మనస్తాపం. మావారి సంవత్సరీకం నాడు ఫేస్‌బుక్‌లో ఆయన ఫోటో పెట్టాను. మా తమ్ముడు ఒక్క మాటైనా రాయలేదు. ఆ రోజు నుంచి వాడితో మాటలు లేవు, 4 నెలలయింది. ఇవన్నీ మానేసి నా మానాన నేను ఉండడం మంచిదంటారా?

జవాబు: మీ ప్రశ్న ఉత్తరం చివర ఉన్నా, నేను మీ తమ్ముడి విషయంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ నాలుగు నెలలు ఐదో నెలలోకి వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఫోటో పెట్టాను కాబట్టి తమ్ముడు చూసే ఉంటాడని మీరు అనుకున్నారు. చూడకపోయి ఉండవచ్చు. 2004లో ఫేస్‌బుక్ మొదలైనప్పుడు ఒకరి విశేషాలు తెలుసుకోవాలంటే వారి పేజీకి మనమే వెళ్ళి చూడవలసి వచ్చేది. 2006లో న్యూస్ ఫీడ్ అనే ఏర్పాటు వచ్చాక అందరి విశేషాలూ ఒకేచోట కనిపించడం మొదలైంది. అవి ఎవరూ చదవలేనంతగా పెరిగిపోవడంతో, ఎవరికి ఏది పైన చూపించాలో, ఏది అడుగున వదిలేయాలో ఇప్పుడు కంప్యూటరు లెక్క నిర్ణయిస్తోంది. మనం ఎవరి పోస్టులకు తరచుగా స్పందించాము, ఎలాంటి వాటి దగ్గర ఎక్కువసేపు ఆగాము, ఏ పోస్టుకు ఎంత స్పందన వచ్చింది వంటివన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. మీ తమ్ముడు ఎప్పుడో గాని ఫేస్‌బుక్ తెరవని మనిషి అయితే, రెండు రోజుల తరువాత తెరిచినప్పుడు ఆయనకు బావగారి ఫోటోకు బదులు ఏదో వంటల వీడియో, ఎవరిదో రాజకీయ వాదన కనిపించి ఉండవచ్చు. ఒకప్పుడు పోస్టుకార్డు మీద రాసిన చిరునామాను బట్టి పోస్టుమాన్ ఆ ఇంటికే వచ్చి ఇచ్చేవాడు. ఫేస్‌బుక్‌లో పెట్టినదానికి చిరునామా ఉండదు. అది తమ్ముడికి రాసిన ఉత్తరం కాదు.

చూసీ రాయలేదనే అనుకుందాము. చనిపోయిన బావ ఫోటో కింద పదిమంది చదివేలా నాలుగు మాటలు రాయడం చేతగాని మగవాళ్ళు మన ఇళ్ళలో ఎంతమంది లేరు! లోపల లేక కాదు, అక్కడ రాయడానికి చెయ్యి రాదు. కనుక ఈ సాయంత్రమే ఫోను చేయండి. ఎందుకు రాయలేదని అడగవద్దు. "మీ బావ సంవత్సరీకం నాడు నీతో మాట్లాడాలని చాలా అనిపించిందిరా" అనండి. అది నిజం కూడాను.

ఇలా చెప్పడానికి నాకు అర్హత ఎక్కడి నుంచి వచ్చిందంటే, నేనే ఒకప్పుడు చేసిన పొరపాటు నుంచి. హైస్కూలులో నా పక్కన కూర్చున్న మిత్రుడు దాదాపు 27 ఏళ్ళ తరువాత ఫేస్‌బుక్‌లో కనిపించాడు. ఆ రోజు నాకు కలిగిన సంతోషాన్ని ఇప్పటికీ మరిచిపోలేను. మొదటి నెలంతా ఫోన్లలో మాట్లాడుకున్నాము. తరువాత మెల్లగా మాటలు తగ్గి లైకులు మిగిలాయి. ఆయన కాశీయాత్ర ఫోటో పెడితే నేను లైకు కొట్టేవాణ్ణి, నేను మనవరాలి ఫోటో పెడితే ఆయన కొట్టేవాడు; మా స్నేహం చక్కగా సాగుతోందని నా నమ్మకం. ఒక ఆదివారం ఎవరిదో చిరునామా కోసం ఫోను చేస్తే ఆయన భార్య తీసి, "డయాలసిస్‌కు తీసుకువచ్చానండీ, లోపల ఉన్నారు" అన్నది. అప్పటికి 8 నెలలుగా వారానికి మూడుసార్లు వెళుతున్నారట. ఆ కాశీ ఫోటోలన్నీ పాతవని నేను గమనించనేలేదు. కొన్నేళ్ళ క్రితం ఇదే రోజున మీరు పెట్టిన ఫోటో అంటూ ఫేస్‌బుక్ గుర్తుచేస్తే, ఆయన దానిని మళ్ళీ పెట్టేవాడు. నేను చూసి, బాగున్నాడని తృప్తిపడేవాణ్ణి. ఆ మిత్రుణ్ణి నాకు తిరిగి ఇచ్చింది ఫేస్‌బుక్కే. ఆ 8 నెలలు తెలియకపోవడానికి మాత్రం దానిని తప్పుపట్టను. ఎలా ఉన్నావని అడగనివాణ్ణి నేనే. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగందే ఎవరూ తమ కష్టం కూడా చెప్పుకోరు.

మీరు తెలుగు ఉపాధ్యాయిని కనుక పిల్లలకు లేఖారచన చెప్పే ఉంటారు. "ఉభయకుశలోపరి" అన్న మాటను ఒకసారి తలచుకోండి. ఇద్దరి క్షేమమూ చెప్పుకున్నాకే మిగిలిన విషయం అని దాని భావం. "ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీ క్షేమ సమాచారములు వెంటనే తెలియజేయవలెను" అని కార్డు ముక్క మీద కూడా రాసేవాళ్ళం. ఇప్పుడు మనం గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో పెట్టేవాటిలో ఆ వాక్యం మొదటి సగమే ఉంటోంది. మేము క్షేమం, మేము అరకు వెళ్ళాము, మా అమ్మాయికి మంచి ర్యాంకు వచ్చింది. "మీరెలా ఉన్నారు" అన్న రెండో సగం ఎక్కడా లేదు, ఎందుకంటే 70 మందిని ఒకేసారి ఆ ప్రశ్న అడగడం సాధ్యం కాదు. అడిగినా, తనను అడిగారని ఎవరూ అనుకోరు. రోజంతా అందరి విశేషాలు చూసి కూడా ఎవరితోనూ మాట్లాడలేదని రాత్రి మీకు అనిపించడం మీ మనసులోని లోపం కాదు. ఆ రోజు నిజంగానే మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు.

ఇది నా అభిప్రాయం మాత్రమే అనుకోకండి. ఫేస్‌బుక్‌లో పరిశోధకురాలైన మొయిరా బర్క్, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ క్రౌట్ కలిసి దాదాపు 1,900 మంది ఫేస్‌బుక్ వాడుకరులను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. బాగా దగ్గరివారు తమకోసమే ప్రత్యేకంగా రాసిన మాటలు అందుకున్నవారిలో మానసిక స్థితి మెరుగుపడటం కనిపించింది. అందరికోసం పెట్టినవి చూడటంలోనూ, ఒక్క నొక్కుతో వచ్చే లైకులలోనూ ఆ మేలు కనిపించలేదు. పరిశీలించిన మాధ్యమం రెండింటికీ ఒక్కటే కనుక, తేడా ఫేస్‌బుక్ ఉండటంలోనో లేకపోవడంలోనో లేదు. మాట ఒక మనిషిని ఉద్దేశించిందా, లేక గాలిలోకి వదిలిందా అన్నదానిలో ఉంది.

అందుచేత మానేయమని నేను చెప్పను. ఆ బంధువుల గ్రూపును అరుగు మీద చేరిన పదిమంది మాటల్లా చూడండి. వీధిలో ఏం జరుగుతోందో అరుగు మీద తెలుస్తుంది. ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరింట్లో శుభకార్యమో తెలుస్తుంది. మనసులోని మాట చెప్పుకోవాలంటే మాత్రం లేచి ఒకరింటికి వెళ్ళాలి. శుభోదయం బొమ్మల మోతతో విసుగు కలిగితే గ్రూపును మ్యూట్‌లో పెట్టి రోజుకు ఒక్కసారి చూడండి. మీ తోబుట్టువులకు మాత్రమే వేరే చిన్న గ్రూపు పెట్టుకోండి. నలుగురున్నచోట ఒకరు రెండు రోజులు పలకకపోతే మిగిలినవారికి తెలుస్తుంది, డెబ్భైమందిలో తెలియదు. గ్రూపులో ఎవరి విశేషమైనా మీకు నిజంగా నచ్చితే బొటనవేలి బొమ్మ పంపకుండా వారికి విడిగా రెండు వాక్యాలు రాయండి. ఆ రెండింటిలో ఒకటి ప్రశ్న అయి ఉండాలి.

అబ్బాయితో మాట్లాడటానికి ఒక వేళ స్థిరపరచుకోండి. మీకు ఆదివారం ఉదయం ఏడున్నర అయినప్పుడు డాలస్‌లో శనివారం రాత్రి 9 గంటలు. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం వరకు అక్కడి గడియారాలు ఒక గంట వెనక్కు జరుగుతాయి కనుక, ఆ నెలల్లో అదే సమయానికి అక్కడ 8 గంటలు అవుతుంది. అక్కడ మరుసటి రోజు సెలవు, మీకు ఇంకా పనుల హడావుడి మొదలు కాని సమయం. ఫోను చేస్తే ఏ పనిలో ఉన్నాడో, విసుక్కుంటాడేమో అన్న జంకు చాలామంది తల్లులలో ఉంటుంది. అమెరికాలో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లే అనే పరిశోధకులు పాత మిత్రులను తిరిగి పలకరించడంపై ఒక ప్రయోగం చేశారు. మెయిలు రాయడం కన్నా ఫోనులో మాట్లాడటం ఇబ్బందిగా ఉంటుందని అందులో పాల్గొన్నవారు ముందుగా అనుకున్నారు. తీరా మాట్లాడాక ఆ ఇబ్బందేమీ ఎదురుకాలేదు సరికదా, మెయిలు రాసినవారికన్నా ఎక్కువ దగ్గరితనం అనుభవించారు.

ఒంటరిగా ఉంటున్నారు కనుక ఇంకొక విషయం కూడా చెప్పాలి. "అమ్మా, ఇది నా కొత్త నంబరు, అర్జంటుగా డబ్బు పంపు" అంటూ కొడుకు ఫోటోతో వచ్చే సందేశాలకు మోసపోయినవారు చాలామంది ఉన్నారు. అలాంటిది వస్తే అబ్బాయి పాత నంబరుకు ఫోను చేసి గొంతు విన్నాకే నమ్మండి. వాట్సాప్ పంపే ఆరంకెల కోడు ఎవరడిగినా చెప్పకండి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదుకు ఉన్న 1930 నంబరుకు ఫోను చేయాలి.

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. మా ఆయన దుబాయిలో పనిచేయబట్టి మూడేళ్ళు అవుతోంది. నాలుగేళ్ళ పాప, అత్తమ్మ, నేను ఇక్కడ ఉంటాము. వాట్సాప్‌లో అక్కడికి కాల్ కలవదు, వేరే యాప్‌లో మాట్లాడుకుంటాము. "రాత్రి 12 దాకా ఆన్‌లైన్‌లో ఎవరితో ఉన్నావు, నా మెసేజ్ చూసి కూడా ఎందుకు జవాబు ఇయ్యలేదు" అని ఆయన అడగడంతో తరచుగా గొడవ అవుతోంది. ఈ ఫోన్లు మమ్మల్ని దగ్గర చేస్తున్నాయా, దూరం చేస్తున్నాయా?

జవాబు: యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో వాట్సాప్ సందేశాలు వెళతాయి గాని, దాని ద్వారా ఆడియో, వీడియో కాల్స్‌ను చాలాకాలంగా అనుమతించడం లేదు, అక్కడ లైసెన్సు ఉన్న బోటిమ్ వంటి యాప్‌లతోనే మాట్లాడుకోవాలి. మీ ఇబ్బందికి ఇదే మూలమని నాకు అనిపిస్తోంది. మాట ఒక యాప్‌లో, మిగిలిన రోజంతా ఒకరినొకరు గమనించుకోవడం మరొక యాప్‌లో జరుగుతున్నాయి. మాట కొద్దిసేపే ఉంటుంది, గమనించడానికి మాత్రం ఇరవైనాలుగు గంటలూ ఉన్నాయి. పని ముగించుకుని గదికి వచ్చిన మనిషికి, ఇల్లు గుర్తొచ్చినప్పుడల్లా చేతిలో కనిపించేది మీ పేరు కింద ఉన్న "ఆన్‌లైన్" అన్న మాట ఒక్కటే. ఆ మాటకు అర్థం వాట్సాప్ ఆ క్షణాన తెరిచి ఉందని మాత్రమే. ఎవరితో మాట్లాడుతున్నారో, అసలు మాట్లాడుతున్నారో లేదో, పాప ఫోను పట్టుకుని ఆడుకుంటోందో అది చెప్పదు. సందేశం చదివినట్టు చూపించే నీలి టిక్కులు 2014లో వచ్చాయి. అవి కూడా సందేశం తెరిచినట్టు చూపిస్తాయి గాని, అప్పుడు మీ చేతిలో అన్నం గిన్నె ఉందో, అత్తమ్మను దవాఖానాకు తీసుకుపోతున్నారో చూపించవు.

ఆన్‌లైన్‌లో ఉన్నట్టు ఇతరులకు కనిపించకుండా చేసే సౌకర్యం 2022లో వచ్చింది, నీలి టిక్కులను కూడా ఆపేయవచ్చు. గొడవ నడుస్తుండగా ఆయనకు చెప్పకుండా ఆ పని చేస్తే మాత్రం అనుమానం రెట్టింపు అవుతుంది. మొదట ఆయనతో నోటితో మాట్లాడి, ఇద్దరూ ఒప్పుకుని, ఇద్దరూ ఒకేసారి తీసేయండి. అంతకన్నా ముఖ్యమని నాకు తోచేది ఇంకొకటి ఉంది. ఇంటి వార్త ఆయన మీ నోట వినాలి, స్టేటస్‌లో చూడకూడదు. పాపకు కొత్త గౌను కొన్నా, పుట్టింటికి వెళ్ళినా, పెళ్ళికి పోయినా ముందుగా ఆయనకు చెప్పి ఆ తరువాత ఫోటో పెట్టండి. తన ఇంటి సంగతి ఊరంతటితో పాటు తనకూ ఒక ఫోటోగా అందిందని తెలిసినప్పుడు, ఇంటికోసమే అంతదూరం పోయిన మనిషికి ఎంత చిన్నతనంగా ఉంటుందో ఆలోచించండి. ఆయన కోపంలో కొంత భాగం ఆ బాధే కావచ్చు. అంతమాత్రాన, ఎవరితో ఉన్నావని నిలదీయడం సబబని నేను అనడం లేదు. ఆ ప్రశ్న మిమ్మల్ని నొప్పిస్తోందని ఆయనకు స్పష్టంగా, నెమ్మదిగా చెప్పండి. అవసరమైతే ఈ పేజీనే ఫోటో తీసి పంపండి.

వాయిస్ మెసేజ్‌లను బాగా వాడుకోండి. అవి వాట్సాప్‌లోనే వెళతాయి, కాల్ కలవాల్సిన పని లేదు, సమయం కుదరాల్సిన పని లేదు. దుబాయి మనకన్నా గంటన్నర వెనక ఉంటుంది. ఆయన డ్యూటీ దిగేసరికి పాప నిద్రపోతూ ఉండవచ్చు. పొద్దున పాప చెప్పిన మాటను ఆయన రాత్రి వింటాడు, ఆయన చెప్పిన కథను పాప మరునాడు వింటుంది. అత్తమ్మకు చదవడం రాకపోయినా కొడుక్కు తన గొంతుతో కబురు పంపుకోగలదు. సెలవు రోజున వీడియోలో మాట్లాడేటప్పుడు మీ మొహాలే కాకుండా ఇల్లు, వాకిలి, పొలం కూడా చూపించండి. పైకప్పు ఎక్కడ కురుస్తోందో చూపించి ఏం చేద్దామని అడగండి. ఆ ఇంటి నిర్ణయాల్లో తన మాట ఇంకా నడుస్తోందని ఆయనకు తెలిస్తే, "ఆన్‌లైన్" అన్న మాట వైపు చూసే అవసరం తగ్గుతుంది.

ప్రశ్న: మాది ఖమ్మం. గ్రూప్-2 పరీక్షకు చదువుతున్నాను. ఏకాగ్రత కోసం ఏడాది క్రితం ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ అన్నీ తీసేసి నంబరు కూడా మార్చాను. మొన్న మా బాబాయి గృహప్రవేశం జరిగింది. పిలుపు గ్రూపులో పెట్టారట, నాకు తెలియలేదు. రాలేదని ఆయనకు కోపం, పిలవలేదని నాకు బాధ. నేను చేసింది తప్పా?

జవాబు: తప్పు కాదు. 2018లో అమెరికా ఎన్నికల ముందు కొందరు ఆర్థికశాస్త్రవేత్తలు కొంతమందికి డబ్బు ఇచ్చి 4 వారాల పాటు ఫేస్‌బుక్ మాన్పించారు. మానినవారు ఇంట్లోవారితో, మిత్రులతో గడిపిన సమయం పెరిగింది, మనసు కూడా కాస్త తేలికపడింది. వార్తల విషయంలో మాత్రం మిగిలినవారికన్నా వెనకబడ్డారు. మీకు జరిగింది కూడా అదే, మీరు పోగొట్టుకున్నది వార్త. బొట్టు పెట్టి పిలవడం మన ఇళ్ళలో ఊరికే పుట్టిన ఆచారం కాదు. గడప దాకా వచ్చి, పేరు పెట్టి, తప్పకుండా రావాలని చెబితేనే అది పిలుపు అనిపించుకుంటుంది. రెండు మూడు వందల మందిని పిలవాల్సినవారు అందరిళ్ళకూ తిరగలేరన్నది నిజమే; కార్డు గ్రూపులో పెట్టినా, పెద్దలకూ రక్తసంబంధీకులకూ ఒక ఫోను చేయడం కనీస మర్యాద. అయితే నంబరు మార్చి బాబాయికి చెప్పకపోవడం మీ వైపు లోపం. యాప్‌లు తీసేసినవాడు తన కొత్త నంబరును నలుగురికి స్వయంగా చెప్పుకోవాలి. గ్రూపులో ఉన్న అక్కకో, వదినకో శుభాశుభాలు నాకు కూడా చెప్పమని ఒక మాట అప్పగించాలి.

పరీక్ష అయ్యాక వాట్సాప్‌కు తిరిగి రండి. ఉద్యోగ వెతుకులాటలో దగ్గరివారికన్నా, ముఖపరిచయం మాత్రమే ఉన్నవారి ద్వారా కొత్త కబుర్లు ఎక్కువగా అందుతాయని మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లోనే రాశారు. పాత సహాధ్యాయులు, దూరపు బంధువులు వంటివారిని పూర్తిగా వదులుకోకుండా ఉండటానికి ఈ మాధ్యమాలు నిజంగా మంచి సాధనం, ఎందుకంటే వారందరికీ ఫోను చేస్తూ కూర్చోవడం ఎవరి తరమూ కాదు. బాబాయి ఆ కోవలోని మనిషి కాదు. ఈ ఆదివారం చదువుకు ఒక పూట సెలవు పెట్టి, అమ్మను వెంటబెట్టుకుని ఆ కొత్త ఇంటికి వెళ్ళండి. బయలుదేరే ముందు మీ కొత్త నంబరు నుంచే ఆయనకు ఫోను చేసి, భోజనానికి వస్తున్నామని చెప్పండి.